జెల్‌ల గురించి చదివితే బతుకుతెరువు దొరుకుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతోంది. ఊపితే జెల్‌గా మారే ద్రవాల గురించి ఎక్కడో చదివి, కెమికల్ ఇంజినీరింగ్ తీసుకుని వాటి మీదే పరిశోధన చేస్తానంటోంది. బంధువులందరూ సీఎస్‌ఈలో ఏఐ చేర్పించమంటున్నారు. ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ అసలు భయం అమ్మాయి ఖాళీగా ఉండిపోతుందేమో, రేపు నలుగురిలో ఏమని చెప్పుకోవాలో అన్నదని నాకు అర్థమవుతోంది. ముందుగా ఆమె దేన్ని ఇష్టపడుతోందో తెలుసుకోండి.

చిక్కటి ద్రవాల్లో చాలా వరకు కలియతిప్పినకొద్దీ పలచబడతాయి. టమాటా సాస్ అలాంటిదే. కొన్ని మాత్రం దీనికి విరుద్ధంగా నడుచుకుంటాయి. లాపోనైట్ అనే బంకమట్టి సూక్ష్మరేణువులనూ, పాలిఇథిలీన్ ఆక్సైడ్ అనే పొడవాటి పాలిమర్ గొలుసులనూ తగిన పాళ్లలో నీటిలో కలిపితే అది మామూలుగా పారుతుంది. గట్టిగా ఊపినప్పుడు మాత్రం ద్రవంలోని పొరలు ఒకదానిపై ఒకటి జారే ఆ షియర్ బలానికి గొలుసులు సాగి, ఒక్కొక్కటి రెండు మూడు రేణువులను పట్టుకుని వంతెనలు కడతాయి. ఆ వల మొత్తం నీటిని బంధించడంతో అది జెల్ అవుతుంది. కదపకుండా ఉంచితే మెల్లగా మళ్లీ ద్రవమవుతుంది. సాలీడు గ్రంథిలోని ద్రవం గట్టి పట్టుదారంగా మారడంలోనూ ప్రవాహపు లాగుడుకు పెద్ద పాత్ర ఉంది.

ఇది ప్రయోగశాల వింతగా ఆగిపోయే విషయం కాదు. రంగుల తయారీలో వాడే లేటెక్స్ అనే పాలలాంటి ద్రవంలోని పాలిమర్ రేణువులను విద్యుదావేశం విడివిడిగా ఉంచుతుంది; పంపులో షియర్ మితిమీరితే అవి ఆ వికర్షణను దాటి ఒకదానికొకటి అతుక్కుని, గడ్డలు కట్టి గొట్టాలను మూసేస్తాయి. ఎంత వేగం వరకు ప్రమాదం లేదో ద్రవాల ప్రవాహ గుణాన్ని కొలిచే రియోమీటర్‌తో చూసి చెప్పే మనిషి రంగుల కర్మాగారానికీ, ఆయింట్‌మెంట్లు తయారుచేసే ఔషధ సంస్థకూ కావాలి.

ఇక ఏఐ సీట్ల గురించి నా సందేహం దాచుకోను. కొత్త పేరుతో తెరిచిన ప్రతి సెక్షన్‌లోనూ ఏఐకి పునాదైన గణితం, అంటే లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత లోతుగా చెప్పే అధ్యాపకులు ఉన్నారని నేను నమ్మలేకపోతున్నాను. అవి రాకుండా చేతికొచ్చే పట్టా, ఆ పేరు మీద మోజు తగ్గిన రోజున ఏం కాపాడుతుంది? మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది గానీ, ఆ కాలేజీలో పాఠం ఎవరు చెబుతారన్న ఆరా ఒక్కటీ లేదు. ఫీజు కట్టేది మీరు, నాలుగేళ్లు కూర్చుని చదివేది ఆమె. ఆ బంధువులెవరూ కారు. ఇష్టం లేని పిల్లలను పరువు కోసం చేర్పించి, రెండో ఏడాదిలో బ్యాక్‌లాగ్‌లతో నా దగ్గరకు తీసుకొచ్చే తల్లిదండ్రులను చూసి చూసి ఈ మాట కఠినంగానే చెబుతున్నాను.

మొదటి జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఎక్కువగా ఉండవచ్చు. పరిశోధన దారి పొడవైనది. ఎంటెక్, పీహెచ్‌డీ వరకు ఓపిక కావాలి. అయితే కెమికల్ చదివే అమ్మాయికి ప్రోగ్రామింగ్ తలుపు మూసుకుపోదు, ఈ ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్‌పై లెక్కకట్టడానికి కోడింగ్ ఎలాగూ నేర్చుకోవాలి. కాబట్టి ఖాళీగా ఉండిపోతుందన్న భయం వదిలేయండి.

మీ ఊరి ఎన్‌ఐటీలోనే కెమికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, హైదరాబాద్‌లో ఉస్మానియా టెక్నాలజీ కళాశాల ఉంది. ఆప్షన్లు పెట్టే ముందు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడి విద్యార్థులతో ఒక పూట మాట్లాడించండి. ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.