నామ్చేలో తలనొప్పి, వాంతులు: ప్రయాణం కొనసాగించవచ్చా?
నమస్కారం అండీ. నేపాల్‌లో ఎవరెస్ట్ దారిలోని నామ్చే బజార్ చేరిన రాత్రి నుంచి తలనొప్పి, వాంతులు ఉన్నాయనీ, పారాసిటమాల్ వేసుకుని రేపు ఇంకా పైనున్న తెంగ్‌బోచేకు బయలుదేరవచ్చా అనీ అడిగారు. బయలుదేరవద్దు. నామ్చే సుమారు 3,440 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడ గాలి పీడనం తగ్గి ప్రతి శ్వాసలోనూ అందే ఆక్సిజన్ తక్కువవుతుంది కనుక, తలనొప్పికి వాంతులు తోడైతే, వేరే కారణం తేలేదాకా దాన్ని ఎత్తు వల్ల వచ్చిన జబ్బుగానే భావించాలి. మాత్ర నొప్పిని తగ్గిస్తుందే గాని శరీరాన్ని ఆ ఎత్తుకు అలవాటు చేయదు. లక్షణాలు పూర్తిగా పోయేదాకా అక్కడే ఆగండి. ఒక రోజులో తగ్గకపోతే సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉన్న ఫాక్‌డింగ్‌కు దిగిపోండి. ఎత్తు జబ్బుకు ఇచ్చే ఎసిటజోలమైడ్ మందు వాడే ముందు, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి వైద్యునికి చెప్పండి.

ఇప్పుడే ఒక పరీక్ష చేయండి. గది నేలపై చెక్కపలక అంచు వెంట, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ పది అడుగులు వేయండి. తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అది మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతున్నదనడానికి సూచన కావచ్చు. అప్పుడు అర్ధరాత్రైనా సరే, తోడు తీసుకుని వెంటనే కిందికి దిగాలి. గైడు ఏమనుకుంటారోనన్న మొహమాటం గాని, కట్టిన డబ్బు గాని ఇక్కడ లెక్కలోకి రావు.

హెలికాప్టర్‌లో కిందికి తరలించే సంగతికి వస్తే, చాలా ప్రయాణ బీమా పాలసీలు ముందస్తు అనుమతి అడుగుతాయి, ఎత్తుకు పరిమితి కూడా పెడతాయి. అందువల్ల ఫోన్ సిగ్నల్ ఉండగానే బీమా సంస్థకు చెప్పి, కేసు నంబరు రాసి పెట్టుకోండి.