‘ఆగస్ట్ ప్రెజెన్స్’ను తెలుగులో ఎలా రాయాలి?

సందేహం: ఆగస్టు 29న గిడుగు జయంతి సభకు పర్లాకిమిడిలో ఇంగ్లీషు, తెలుగు ఆహ్వానపత్రాలు వేస్తున్నాం. ఇంగ్లీషులో ‘యువర్ ఆగస్ట్ ప్రెజెన్స్’ అని రాశాం. ఈ మాటకూ నెల పేరుకూ సంబంధం ఉందా? తెలుగులో ‘మీ మహోన్నత సమక్షం’ అనవచ్చా?

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: సంబంధం ఉంది. రెండింటికీ మూలం పూజ్యుడు అనే అర్థమున్న లాటిన్ ‘ఆగుస్టుస్’. క్రీ.పూ. 27లో రోమ్ సెనేట్ తొలి చక్రవర్తి ఆక్టేవియన్‌కు ఇచ్చిన బిరుదది. క్రీ.పూ. 8లో సెక్స్‌టిలిస్ నెలకు ఆ పేరే పెట్టారు. పలికేటప్పుడు నెల పేరులో ఊనిక ‘ఆ’ మీద, విశేషణంలో ‘గస్’ మీద పడుతుంది. నెలకు పెద్దబడి (క్యాపిటల్) అక్షరం, విశేషణానికి చిన్నబడి (స్మాల్). ఫోన్లో టైపు చేస్తే రెండింటికీ పెద్దబడే పడిపోవచ్చు, ప్రూఫులో చూసుకోండి.

హోదా, వయసు, చరిత్రల వల్ల కలిగే పూజ్యభావాన్ని చెప్పే మాట ఇది. పేరుమోసిన డాక్టరు ‘ఎమినెంట్’ అవుతాడు, ‘ఆగస్ట్’ కాడు. చట్టసభల్లో వినపడే ‘ఆగస్ట్ హౌస్’కు ‘గౌరవ సభ’ చక్కగా సరిపోయింది. తమ సంఘానికి తామే ఈ విశేషణం తగిలించుకోవడం మాత్రం తప్పు.

ఇక ‘మహోన్నత సమక్షం’ వద్దు. ఉన్నతం ఎత్తును చెబుతుంది. సమక్షం అంటే కళ్లెదుట. ‘పెద్దల సమక్షంలో పెళ్లి జరిగింది’ అంటాం గానీ, ఒకరి రాకను సమక్షం అనం. హిందీ అచ్చులో వచ్చే ‘గరిమామయ ఉపస్థితి’ కూడా తెలుగు చెవికి అతకదు.

మన భాషలో ఈ గౌరవమంతా క్రియే మోస్తుంది. వచ్చి అనకుండా ‘విచ్చేసి’ అంటే చాలు, సగం మర్యాద అందులోనే ఉంది. పాత తెలుగులో ‘విజయం చేయు’ అన్నా గౌరవంగా రావడమే. రథయాత్ర ముగింపున జగన్నాథుడు గుడిలోకి తిరిగివెళ్లే ‘నీలాద్రి బిజే’ మీ ప్రాంతంలో అందరూ ఎరిగిందే. ఆ బిజే కూడా ఈ విజయమే! ‘వేంచేసి’ని దేవుళ్లకూ పీఠాధిపతులకూ ఉంచండి.

గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుక భాష కోసం పోరాడిన ఆయన జయంతి. పత్రం కూడా వాడుకలోనే ఉంటే అందం: ‘తాము తప్పక విచ్చేసి మా సభకు నిండుదనం తేవాలని కోరుతున్నాం.’ విశేషణం కావాలనిపిస్తే ‘మాన్యులు’, ‘పూజ్యులు’ అని అతిథి పేరు ముందు చేర్చండి, ‘రాక’ ముందు వద్దు.