అరవై దాటాక పందెంలో పోటీ పడాలనుకోవడం తప్పా?

ప్రశ్న: నా వయసు 61 సంవత్సరాలు. పదవీ విరమణ తరువాత నడకతో మొదలుపెట్టి, ఏడాదిగా వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. మూడు నెలల క్రితం 5 కిలోమీటర్ల పందెంలో పాల్గొన్నాను. మొదటి కిలోమీటరు కుర్రవాళ్లతో సమానంగా పరుగెత్తాను కానీ, మూడో కిలోమీటరులో పిక్క పట్టేయడంతో మిగిలిన దూరం నడిచి పూర్తిచేయవలసి వచ్చింది. పది వారాల్లో 10 కిలోమీటర్ల పందెం ఒకటి ఉంది. నా వయసువారిలో ముందు నిలవాలని నాకు గట్టి కోరిక. ఇంట్లోవారు మాత్రం ‘ఈ వయసులో పోటీ దేనికి, సరదాగా పాల్గొంటే చాలదా’ అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ కోరికలో తప్పేమీ లేదు. దాన్ని దాచుకోవలసిన అవసరం అంతకన్నా లేదు. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 ఏళ్ల నుంచి అయిదేసి సంవత్సరాలకు ఒక విభాగం చొప్పున పోటీలు జరుగుతాయి. ఆ లెక్కన మీరు 60–64 విభాగంలోకి వస్తారు, అందులోనూ చిన్నవారిలో ఒకరు. దగ్గరలో జరిగే పందెంలో ఇటువంటి విభాగాలు ఉన్నాయో లేదో పేరు నమోదు చేసుకునేటప్పుడే అడగండి. లేకపోతే మీరు పోల్చి చూసుకోవలసింది మీ పాత సమయంతోనే.

ఇక పిక్క సంగతి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. క్రమం తప్పకుండా పరుగెత్తేవారికి కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గి, ఇంకా వేగంగా వెళ్లగలమన్న ధైర్యం వస్తుంది. అయితే పిక్క కండరాన్ని మడమకు కలిపే అకిలిస్ టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ కనుక, అది గట్టిపడడానికి నెలలు పడుతుంది. వయసుతోపాటు కండర బలం కూడా తగ్గుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు కొన్ని రెట్ల భారం అక్కడే పడుతుంది. ఊపిరి అందుతోంది కదా అని మీరు కుర్రవాళ్ల వేగాన్ని అందుకున్నారు, ఆ వేగానికి పిక్క ఇంకా సిద్ధపడలేదు. కాబట్టి వారానికి రెండు మూడు సార్లు మెట్టు అంచున మునివేళ్లపై నిలబడి, గోడను ఆసరాగా పట్టుకుని, మడమలను పైకి లేపి మెల్లగా కిందికి దించే వ్యాయామాన్ని ఈ పది వారాలూ మానకుండా చేయండి. ఉదయం మంచం దిగగానే మడమ వెనుక బిగుసుకుపోయినట్టు ఉండి, అది రోజురోజుకూ పెరుగుతుంటే పరుగు ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

మీ నాలుగు రోజుల్లో మూడు రోజులు పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగానే వెళ్లాలి. నాలుగో రోజు మాత్రమే మధ్యమధ్య వేగం పెంచండి, ఆ మరునాడు విశ్రాంతి తీసుకోండి. నెమ్మది పరుగు వృథా అని చాలామంది అనుకుంటారు. 2004లో 73 ఏళ్ల వయసులో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేసిన కెనడా పరుగువీరుడు ఎడ్ విట్‌లాక్, ఇంటికి దగ్గరలోని శ్మశానవాటికలో గంటల తరబడి నెమ్మదిగా పరుగెత్తే సాధన చేసేవారు. వారంలో ఒక పరుగును కొద్దికొద్దిగా పెంచుతూ 10 కిలోమీటర్లకు చేర్చండి. పందెం ముందు వారం దూరాన్ని సగానికి తగ్గించండి.

మీ ఇంట్లోవారి భయంలో పట్టించుకోవలసినది ఒకటుంది. పందెం వేగంతో సాధన మొదలుపెట్టకముందే వైద్యుణ్ణి కలిసి గుండె పరీక్ష అవసరమేమో తెలుసుకోండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం ఎప్పుడు కనిపించినా అక్కడికక్కడే ఆగిపోవాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నట్లయితే గుండె వేగం సహజంగా పెరగదు కనుక చేతిగడియారం చూపే అంకెను నమ్మి వేగం పెంచకండి. 220 నుంచి వయసు తీసివేసే సూత్రం ప్రకారం మీ గరిష్ఠ గుండె వేగం నిమిషానికి 159 కావాలి. కానీ అది సగటు మాత్రమే, వ్యక్తికీ వ్యక్తికీ పది పన్నెండు స్పందనల తేడా ఉండడం మామూలే.

పందెం రోజున పది నిమిషాలు ముందుగా నడిచి, మెల్లగా పరుగెత్తి కండరాలను వేడెక్కించండి. బయలుదేరే గీత దగ్గర వెనుక వరుసల్లో నిలబడండి. బూటుకు కట్టే చిప్ ఉంటే మీ సమయం మీరు గీత దాటినప్పటి నుంచే లెక్కకు వస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు. మొదటి రెండు కిలోమీటర్లు మీకు మరీ నిదానమనిపించాలి. ఎనిమిదో కిలోమీటరు దాటాక ఎవరినైనా దాటాలనిపిస్తే అప్పుడు దాటండి. నొప్పి రాకుండా ఉండాలని ముందుగానే నొప్పిమాత్ర వేసుకోకండి, ఒంట్లో నీరు తగ్గిన సమయంలో అవి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ముగింపు గీత దాటగానే ఠక్కున నిలబడిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగవచ్చు కనుక, అయిదారు నిమిషాలపాటు నడుస్తూనే ఉండండి. మీ సమయం ఎంతో ఆ తరువాత చూసుకోవచ్చు.