సెరామిక్ పూత వేయిస్తే గీతలు పడవా?

ప్రశ్న: ఇటీవల కొత్త కారు కొన్నాను. ఆరుబయట నిలుపుతాను, వాచ్‌మన్ రోజూ బోరు నీళ్లతో తుడుస్తాడు. 9హెచ్ సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక గీతలే పడవని అమ్మకందారు అంటున్నారు. నమ్మవచ్చునా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: సగమే నమ్మండి. 9హెచ్ అనేది పూతను పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్షలోని కొలత మాత్రమే. లారీ టైరు విసిరిన కంకరరాయిని ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సిలికా పూత ఆపలేదు. అందుకు సుమారు 150–200 మైక్రాన్ల మందముండే పీపీఎఫ్ ఫిల్మ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ప్లాస్టిక్ పొర) కావాలి, దాని ఖరీదు చాలా ఎక్కువ. సెరామిక్ పూత క్లియర్‌కోట్‌ను (కారు రంగు మీదుండే పారదర్శకమైన పై పొరను) అంటిపెట్టుకొని నీటిని జారవిడుస్తుంది కాబట్టి దుమ్ము, పక్షి రెట్ట సులువుగా వదులుతాయి. అయితే రెట్టను ఎండలో గంటల తరబడి వదిలేస్తే పూత మీదా మచ్చ పడుతుంది.

మీకు అసలు చిక్కు బోరు నీళ్లతోనే. కాగిన బానెట్ మీద చుక్క ఆరిపోగానే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని వలయాలుగా మిగులుతాయి. పూత మీద నీరు గుండ్రని బిందువులుగా నిలుస్తుంది గనుక అక్కడ కూడా ఈ వలయాలు తప్పవు. పొద్దున్నే ఎండ రాకముందు పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) కారు షాంపూతో కడిగించి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దించండి. దుమ్ము మీద గుడ్డ రుద్దే అలవాటును, వాచ్‌మన్ నొచ్చుకున్నా సరే, మాన్పించండి. సన్నని గీతలు ఎక్కువగా దానివల్లే పడతాయి.

పూత కింద పాత గీతలు అలాగే ఉండిపోతాయి గనుక ముందుగా పాలిష్ పట్టించి, పూత వేశాక వారం రోజులు కారు కడగకండి.