పిల్లలతో సెయిల్‌బోటులో ఉంటే ఒంటరితనం అనిపించదా? ఫిజీలో మా అనుభవం

ఉద్యోగాలకు కొన్నాళ్లు విరామం ఇచ్చి, ఇద్దరు పిల్లలతో సెయిల్‌బోటులో పసిఫిక్ దీవులకు వెళ్లాలని ఉందని, కానీ పిల్లలు తోడు లేక దిగాలు పడతారేమో, మేమూ మనుషుల కోసం మొహం వాచిపోతామేమో అని మీరు అడిగారు. ఆ బతుకు కొంతకాలం బతికిన తల్లిగా చెప్తున్నాను, తోడుకి లోటుండదు. కాకపోతే ఒక షరతు. ఏదో ఒక దీవి దగ్గర నెలల తరబడి నిలవాలి. మూడు రోజులకో చోట లంగరు వేసుకుంటూ వెళ్లిపోయే కుటుంబాలను చూశాం. వాళ్ల పిల్లలు నిజంగానే విసిగిపోయి ఉండేవాళ్లు.

మేం ఆక్లాండ్‌లో ఉంటాం. మాది 38 అడుగుల సెకండ్ హ్యాండ్ పడవ. పాపకి పదేళ్లు, బాబుకి ఏడేళ్లు ఉన్నప్పుడు న్యూజిలాండ్ ఉత్తరాన ఓపువా నుంచి మే నెలలో బయల్దేరి ఫిజీ వెళ్లాం. దాదాపు 1,100 నాటికల్ మైళ్లు, అంటే 2,000 కిలోమీటర్లు. ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో అందరికీ వాంతులు, తర్వాత సర్దుకున్నాం. దారిలో మినర్వా రీఫ్ అని నడిసముద్రంలో గుండ్రంగా ఉన్న పగడపు దిబ్బ వస్తుంది. చుట్టూ ఎటు చూసినా నేల ఉండదు, అయినా ఆ వలయం లోపల లంగరు వేసుకుని హాయిగా నిద్రపోవచ్చు. పిల్లలకి మొదటి స్నేహితులు అక్కడే దొరికారు, పక్కన ఆగిన ఒక ఫ్రెంచ్ కుటుంబం పిల్లలు.

ఫిజీలో మేం నిలిచింది వనువా లేవు దీవిలోని సవుసవులో. ఇంకా తనిఖీ కాలేదని గుర్తుగా పసుపు జెండా కట్టుకుని, ఆరోగ్య శాఖ, బయోసెక్యూరిటీ, కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్ల పని అయ్యేదాకా పడవ దిగకూడదు. ఆ తర్వాత ఊళ్లోకి అడుగుపెడితే ఒకటే ప్రధాన వీధి, ఒక మార్కెట్, బస్టాండు, మెరీనాగా మారిన పాత కొప్రా (ఎండుకొబ్బరి) షెడ్డు. కొండ పక్కన వేడినీటి ఊటలు. ఆ నీళ్లు ఎంత మరుగుతుంటాయంటే, ఊరివాళ్లు కర్రపెండలం, చేమదుంపలు గోనెసంచిలో కట్టి అందులో పడేసి, ఉడికాక తీసుకెళ్తారు. మా పిల్లలు కూడా కోడిగుడ్లు అక్కడే ఉడకబెట్టుకునేవాళ్లు.

అక్కడ రోజు రేడియోతో మొదలవుతుంది. పొద్దున్నే పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్‌లో ఒకరు అందరినీ పలకరిస్తారు. కొత్తగా వచ్చిందెవరు, వెళ్లిపోతున్నదెవరు, గాలి ఎటు నుంచి, ఎవరికేం కావాలి అని. ఆ చివరి ముక్కే అన్నిటికన్నా ముఖ్యం. మా ఇంజనులో సముద్రపు నీళ్లు తోడే పంపు రబ్బరు రెక్కలు విరిగిపోయాయని మావారు అలా రేడియోలో చెప్పగానే, అరగంటలో డింగీ అనే చిన్న పడవ వేసుకుని ఒక కెనడా పెద్దాయన వచ్చాడు. చేతిలో మూడు సైజుల ఇంపెల్లర్లు (ఆ రెక్కలుండే చక్రాలు), పాత టూత్‌బ్రష్, ఒక చిన్న డబ్బాలో గ్రీజు. విరిగిన ముక్కలు అన్నీ దొరికేదాకా వదలద్దని, ఒక్కటి గొట్టంలో మిగిలినా ఇంజను మళ్లీ వేడెక్కుతుందని చెప్పి, మా బాబుని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్కలు ఒక్కొక్కటీ గుడ్డ మీద పేర్పించాడు. ఆరు రెక్కలూ లెక్క తేలాకే లేచాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, ఆ సాయంత్రం మాతో పప్పుచారు అన్నం తిని వెళ్లాడు. మళ్లీ ఎవరి పంపు పాడైనా మా బాబే ముందు పరిగెత్తేవాడు.

పిల్లల చదువు పొద్దున పూట. న్యూజిలాండ్‌లో దూరవిద్యకి తె కురా అనే ప్రభుత్వ బడి ఉంది కాబట్టి మాకు దారి దొరికింది. మధ్యాహ్నం దాటితే పిల్లలు ఏ పడవ మీద ఉన్నారో కనుక్కోవడానికి మళ్లీ రేడియో పట్టుకోవాల్సిందే. పదేళ్ల పిల్లా, ఐదేళ్ల పిల్లాడూ, పదిహేనేళ్ల అబ్బాయీ కలిసి ఆడుకోవడం నేను అక్కడే చూశాను. బళ్లో వయసుల వారీగా విడిపోయిన పిల్లలకి ఇది తెలియదు.

ఒక రాత్రి ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. మా ముందున్న పడవ లంగరు పట్టు వదిలి వెనక్కి జారుతూ మామీదకి వస్తోంది. అందులో వాళ్లు నిద్రలో ఉన్నారు. మావారు హారన్ కొట్టారు. రెండు నిమిషాల్లో నాలుగు వైపుల నుంచి టార్చిలైట్లు, డింగీలు. ఒకరు దాని పక్కకి చేరి తోస్తుంటే, ఇంకొకరు పైకెక్కి ఇంజను స్టార్ట్ చేశారు. నేను మా పడవకీ దానికీ మధ్య ఫెండర్లు, అంటే పడవలు గుద్దుకోకుండా అడ్డుపెట్టే మెత్తలు, పట్టుకుని నిలబడ్డాను. అంతా తడిసి ముద్దయ్యాం. తెల్లారాక ఆ జారిన పడవలోని ఆవిడ అరటిపండు కేకు చేసి పడవ పడవకీ తిరిగి పంచింది. అంతే, ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అలాంటి రాత్రి తర్వాత పరిచయాలు వేగంగా ముదురుతాయి.

అంతే వేగంగా విడిపోవాల్సి వస్తుంది. దీనికి మీరు సిద్ధపడాలి. ఫిజీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. దానికి ముందే చాలా పడవలు న్యూజిలాండ్ వైపో, ఇంకెటో వెళ్లిపోతాయి. ఫ్రెంచ్ వాళ్ల పడవ వెళ్లిన రోజు మా పాప అన్నం ముట్టలేదు. నాకు ఓదార్చడం చేతకాక పక్కన కూర్చున్నాను. ఊరట ఏంటంటే, అందరూ దాదాపు ఒకే గాలుల్ని నమ్ముకుని తిరుగుతారు కాబట్టి మళ్లీ ఎక్కడో ఒకచోట ఎదురవుతారు. అదే కుటుంబం నవంబరులో ఓపువాలో మా పక్కనే లంగరు వేసింది.

ఇక దీవి మనుషులు. ఇక్కడే నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది పడవల వాళ్లు తమలో తామే తిరిగి వెళ్లిపోతారు. సవుసవు దాటి పల్లెల దగ్గర లంగరు వేస్తే ముందు ఊళ్లోకి వెళ్లి సెవుసెవు ఇవ్వాలి. మార్కెట్లో అరకిలో యంగోనా వేళ్లు, అంటే కావా అనే పానీయం చేసే వేళ్లు, కాగితంలో చుట్టి అమ్ముతారు. దాన్ని ఊరి పెద్ద ముందు పెట్టి, మేం ఫలానా, మీ నీళ్లలో ఉండనివ్వండి అని అడగాలి. టోపీ, నల్ల కళ్లజోడు తీసేయాలి, భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. దీన్ని తంతు అనుకుని మొక్కుబడిగా చేసేవాళ్లంటే నాకు బాధ. ఆ తీరంలో చేపలు పట్టుకునే హక్కు తరతరాలుగా ఆ ఊరివాళ్లది, దాన్ని కోలికోలి అంటారు. మన పడవ నిలబడింది వాళ్ల పొలంలో. అడక్కుండా ఎలా ఉంటాం?

అడిగాక మాత్రం మన బాగోగులన్నీ ఆ ఊరి బాధ్యత అయిపోతాయి. ఏ దిబ్బ దగ్గర పట్టిన చేప తినచ్చో, ఏది తింటే సిగువటెరా విషం ఎక్కుతుందో మాకు చెప్పింది ఊరి పెద్ద భార్యే. చూపుకీ వాసనకీ రుచికీ ఆ విషం తెలియదు, వండినా పోదు. పిల్లలు ఆవిడని ఊరి పిల్లల్లాగే బుబు అని, అంటే నాన్నమ్మా అని పిలిచేవాళ్లు. చాప అల్లడానికి ఆకుని మంట మీద వాడ్చి, గవ్వతో గీకి మెత్తబరచడం పాపకి నేర్పింది. ఆదివారం మేం చేపలు పట్టం, ఈతకి దిగం, వాళ్లతో పాటు చర్చికి వెళ్లి కూర్చునేవాళ్లం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను వచ్చినప్పుడు ఇంటి పైకప్పు ఎలా లేచిపోయిందో ఆవిడే చెప్పింది. ఫిజీలో 44 మంది చనిపోయిన తుపాను అది. ఆ తర్వాత దూర దీవులకి బియ్యం, టార్పాలిన్లు మోసింది పడవల మీద తిరిగే ఇలాంటి కుటుంబాలు కూడా.

సవుసవు మార్కెట్లో కూరగాయలు అమ్మే ఇంకో పెద్దావిడ ఉంది, పిల్లలకి ఆజీ, అంటే ఫిజీ హిందీలో నాయనమ్మ. 1879 నుంచి 1916 దాకా 60,000 మందికి పైగా భారతీయులు గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద పనిచేసే కూలీలుగా, ఫిజీ చెరకు తోటలకి వెళ్లారు కదా. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మన జిల్లాల వాళ్లూ వెళ్లారు. ఆవిడ నాయనమ్మ అలా వచ్చిన మనిషి. ఆజీకి తెలుగు రాదు, ఫిజీ హిందీ మాట్లాడుతుంది, మేం మా హైదరాబాద్ హిందీలో జవాబిచ్చేవాళ్లం. మొదటిసారి ఇంటికి పిలిచినప్పుడు చేపల పులుసు పెట్టింది. చింతపండు, కరివేపాకు పోపు, చివర్లో కొబ్బరిపాలు. మా బాబు పళ్లెం నాకేశాడు.

సువాలోని జాతీయ ఆర్కైవ్స్ నుంచి తెప్పించిన ఆ నాయనమ్మ వలస పాస్ నకలుని ఆజీ మనవరాలు మాకు చూపించింది. తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు మాత్రం ఆనాటి గుమాస్తా ఇంగ్లీషులో విన్నట్టు రాసేశాడు, రెండు మూడు ఊళ్లకి సరిపోతుంది. విజయనగరంలో మా మేనమామకి ఫోన్ కలిపి మాట్లాడించాం. ఊరు ఇంకా తేలలేదు, ఆయనా ఆ అమ్మాయీ వాట్సాప్‌లో వెతుకుతూనే ఉన్నారు.

మీకు పనికొచ్చేవి ఇంకో రెండు. బహుమతులుగా మిఠాయిలు కాకుండా చేపల గాలాలు, చదువుకునే కళ్లద్దాలు, మీరు తీసిన ఫొటోల ప్రింట్లు పట్టుకెళ్లండి. పగడపు దిబ్బల మధ్య ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే పడవ నడపండి, మీలో ఒకరు ముందు నిలబడి నీటి రంగు చూస్తూ ఉండాలి. చార్టుల్ని (సముద్ర పటాల్ని) గుడ్డిగా నమ్మద్దు. న్యూజిలాండ్ రిజిస్ట్రేషన్ పడవైతే దేశం దాటే ముందు కేటగిరీ 1 అనే భద్రతా తనిఖీ తప్పనిసరి, దానికి పరికరాలు సమకూర్చుకోవడానికే నెలలు పడుతుంది కాబట్టి వచ్చే మే నెలకి వెళ్లాలంటే ఇప్పుడే మొదలుపెట్టండి.