ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ మెజర్‌ని వ్యతిరేకించాలంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా సిటీ నవంబర్ బ్యాలట్‌లో ఒక మెజర్ (ఓటర్లు అవునో కాదో తేల్చే ప్రతిపాదన) పెడుతోంది. 2 మిలియన్ డాలర్లకీ, అంతకు పైనా అమ్మే ఏ ఆస్తికైనా మొత్తం ధర మీద 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ కట్టాలట. మా బావగారు, నేను, ఇద్దరు స్నేహితులు కలిసి కొన్న చిన్న అపార్ట్‌మెంట్ బిల్డింగ్ ఉంది. “కోటీశ్వరుల మీద పన్ను, ఇళ్లు లేనివాళ్ల కోసం వేస్తుంటే నువ్వెందుకు అడ్డుపడతావ్?” అంటున్నారు తెలిసినవాళ్లు. వ్యతిరేకించడం తప్పా? నాది గ్రీన్ కార్డ్, ఓటు లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: తప్పేమీ లేదండీ. ఇళ్లు లేనివాళ్ల కష్టం నిజం, దానికి డబ్బు కావాలన్నదీ నిజం. కానీ ఆ డబ్బుకి ఇది సరైన దారి కాదని నేను గట్టిగా నమ్ముతాను. చాలా ఏళ్లు ఎస్క్రో ఆఫీసులో (ఆస్తి అమ్మకాల డబ్బూ, కాగితాలూ చూసే చోటు) అమ్మకం ముగించే క్లోజింగ్ కాగితాలు తయారుచేసినదాన్ని, ఈ పన్ను ఎవరి మీద పడుతుందో దగ్గరగా చూశాను.

ఇది లాభం మీద పన్ను కాదు, ధర మీద పన్ను. మీరు 2.2 మిలియన్లకు కొన్నది నష్టానికి 2 మిలియన్లకే అమ్ముకున్నా 30,000 డాలర్లు కట్టాలి. ఒక్క డాలర్ తగ్గించి అమ్మితే ఈ కొత్త పన్ను సున్నా! లాస్ ఏంజెల్స్‌లో 2022లో గెలిచిన మెజర్ యూఎల్ఏ కూడా ఇదే పద్ధతి. 5 మిలియన్లు దాటితే మొత్తం ధర మీద 4 శాతం, 10 మిలియన్ల నుంచి 5.5 శాతం అని మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. ఆ లోపే క్లోజ్ చేసేయాలని అమ్మేవాళ్లు పడిన హడావిడి అంతా ఇంతా కాదు. దానికి ‘మాన్షన్ ట్యాక్స్’ అని పేరు పడింది గానీ, అది అపార్ట్‌మెంట్లకీ, షాపింగ్ కాంప్లెక్సులకీ, గోడౌన్లకీ కూడా వర్తిస్తుంది. అద్దె ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్‌కి కూడా! ఇళ్లు సరిపోని ఊళ్లో ఇళ్లు కట్టేవాళ్ల మీదే భారం వేస్తే కొత్త ఇళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన వాదన వేరే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 13 అనే చట్టం వల్ల ప్రాపర్టీ ట్యాక్స్ కోసం లెక్కగట్టే విలువ మామూలుగా ఏటా 2 శాతానికి మించి పెరగదు. ఆస్తి చేతులు మారినప్పుడు అది మార్కెట్ ధరకి వస్తుంది. ఎప్పుడో కొన్న బిల్డింగ్ ఇవాళ అమ్ముడైతే, ఇక ప్రతి ఏడూ సిటీకీ, కౌంటీకీ, స్కూళ్లకీ ఎక్కువ పన్ను వస్తుందన్నమాట. ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్‌కి భయపడి ఓనర్లు అమ్మకుండా కూర్చుంటే ఆ ఆదాయం ఆగిపోతుంది. ఒక్కసారి వచ్చే డబ్బు కోసం ఏటా వచ్చేది పోగొట్టుకోవడమే కదా. ఈ నష్టం లెక్క వేశారా అని కౌన్సిల్‌ని సూటిగా అడగండి.

డబ్బు ఎటు పోతుందన్నది ఇంకో సంగతి. కౌన్సిల్ పెట్టిన మెజర్‌కి సగానికి పైన ఓట్లు చాలు అంటున్నారంటే అది జనరల్ ఫండ్‌లో, అంటే సిటీ దేనికైనా ఖర్చుపెట్టుకోగల ఖాతాలో పడే పన్ను. శాన్ హోసేలో 2020 మార్చిలో గెలిచిన ‘మెజర్ E’ అలాంటిదే. శాశ్వతమైన తక్కువ అద్దె ఇళ్ల కోసమని చాలామంది ఓటేశారు. తర్వాతి ఏళ్లలో కౌన్సిల్ అందులో ఎక్కువ వాటాని తాత్కాలిక వసతి వైపు మళ్లించింది. అది మంచి ఖర్చో కాదో ఎవరి అభిప్రాయం వాళ్లది. మాట మార్చడానికి చట్టం అడ్డురాలేదన్నది మాత్రం మీ వీధిలో వాళ్లకి తెలియాలి. షికాగోలో 2024 మార్చిలో వచ్చిన మెజర్ మీదానికంటే మెత్తనిది: మిలియన్ లోపు అమ్మకాలకి పన్ను తగ్గించి, మిలియన్ దాటిన భాగానికే పెంచారు. ఖర్చు ప్లాన్ ఏదీ అని వ్యతిరేకులు నిలదీశారు. ఓటర్లు ‘నో’ అన్నారు.

ఒక్కటి మాత్రం చేయకండి. “పిల్లలకి ఇల్లు రాసిచ్చినా పన్ను పడుతుంది” అని వాట్సాప్‌లో తిప్పకండి. డబ్బు తీసుకోకుండా ఇచ్చే గిఫ్ట్ మీద సాధారణంగా ఈ పన్ను ఉండదు. ఒక్క అబద్ధం దొరికితే మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

ఓటు లేకపోయినా కౌన్సిల్ మీటింగ్‌లో మీరు నిలబడి మాట్లాడొచ్చు, ఉత్తరాలు రాయొచ్చు. ఓటర్లకి ఇంటికొచ్చే గైడ్‌లో వ్యతిరేక వాదన అచ్చవుతుంది. దానికి 300 పదాల పరిమితి, ఐదుగురి వరకూ సంతకాలు. మీ బావగారు సిటిజన్ అయి ఆ సిటీలోనే ఓటర్ అయితే ఆయన పేరుతో పంపించండి. ఒక టీచర్, ఒక చిన్న షాపు ఓనర్ కూడా సంతకం పెడితే, ఓనర్ల గోల అని కొట్టిపారేయలేరు. గడువు తేదీ సిటీ క్లర్క్ ఆఫీసు చెబుతుంది. అది ఎలక్షన్‌కి చాలా ముందే ముగుస్తుంది కాబట్టి ఈ వారమే ఫోన్ చేయండి.