జీపీఏ బాగున్నా వార్నింగ్ ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మేము గ్రీన్‌కార్డుతో న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అబ్బాయి స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. జీపీఏ 4కి 3.1. ఒక్క సబ్జెక్టూ తప్పలేదు, కష్టమనిపించిన కోర్సులను మాత్రం మధ్యలో విత్‌డ్రా చేసుకున్నాడు. ఫాల్ సెమిస్టర్ ముగియగానే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి ‘వార్నింగ్’ అంటూ మెయిల్ వచ్చింది. తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటు, ఫెడరల్ ప్రభుత్వ లోను ఆగిపోతాయా? మేము ఆఫీసుకు ఫోన్ చేయవచ్చా?

జవాబు: ఈ స్ప్రింగ్ సెమిస్టర్‌కు ఆగవండి. వార్నింగ్ అనేది ఒక్క సెమిస్టర్ గడువు. ఆ కాలంలో అపీల్ పెట్టకుండానే ఎయిడ్ వస్తుంది. స్ప్రింగ్ ముగిశాక మళ్లీ లెక్క చూస్తారు, అప్పటికీ సరిపోకపోతే గ్రాంటు, లోను రెండూ నిలిచిపోతాయి.

ఫెడరల్ సహాయం పొందే విద్యార్థి చదువులో తగినంత ముందుకు సాగుతున్నాడా అని ప్రతి కాలేజీ నిర్ణీత కాలానికోసారి పరిశీలించాలన్నది చట్టం. సాధారణంగా జీపీఏ 2.0కు తగ్గకూడదు, నమోదు చేసుకున్న క్రెడిట్లలో (కోర్సుల బరువును కొలిచే యూనిట్లలో) 67 శాతం పూర్తి చేయాలి, 120 క్రెడిట్ల డిగ్రీ అయితే మొత్తం నమోదు 180 దాటకూడదు. మీవాడు చిక్కుకున్నది రెండో షరతు దగ్గర. మన వైపు కాలేజీల బ్యాక్‌లాగ్ లెక్కకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోస్తుంది గానీ, విత్‌డ్రా చేసుకున్న కోర్సు జీపీఏను తాకకపోయినా నమోదు చేసుకున్న క్రెడిట్ల ఖాతాలో మాత్రం అలాగే ఉండిపోతుంది.

మీరు క్రెడిట్ల వివరాలు రాయలేదు కనుక ఉదాహరణకు ఇలా అనుకుందాం. మొదటి ఏడాది 30కి 22, ఈ ఫాల్‌లో 15కి 7 పూర్తి చేశాడనుకుంటే, మొత్తం 45కి 29, అంటే 64.4 శాతం. స్ప్రింగ్‌లో 15 తీసుకుని అన్నీ పూర్తి చేస్తే 60కి 44, అంటే 73.3 శాతంతో గట్టెక్కుతాడు. అలవాటు కొద్దీ మళ్లీ ఒక్క 4 క్రెడిట్ల కోర్సు వదిలేస్తే 60కి 40, అంటే 66.67. నిబంధనలో 67 అని రాసుకున్న కాలేజీలో ఆ వెంట్రుకవాసి తేడాకే ఎయిడ్ పోవచ్చు. అందుకే 15 మోయలేనని అతనికి ముందే అనిపిస్తే 12తో సరిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. పన్నెండూ పూర్తి చేస్తే 57కి 41, దాదాపు 72 శాతం. 12 క్రెడిట్లు ఫుల్‌టైమ్ కిందే లెక్క కనుక పెల్ గ్రాంటూ తగ్గదు. యూనివర్సిటీ సొంత స్కాలర్‌షిప్ ఏదైనా ఉంటే దాని షరతులు వేరుగా చూసుకోవాలి. కోర్సు వదలక తప్పదనుకుంటే, సెమిస్టర్ మొదట్లోని యాడ్-డ్రాప్ గడువులోనే వదలాలి. అప్పుడు వదిలినవి మామూలుగా నమోదు లెక్కలోకి రావు.

స్ప్రింగ్ కూడా దెబ్బతింటే అపీల్ పెట్టుకోవచ్చు. అనారోగ్యం, ప్రమాదం, కుటుంబంలో మరణం వంటి కారణాలను ఆధారాలతో చూపాలి. చాలామంది జరిగిన కష్టాన్ని పేజీలకొద్దీ రాసి ఊరుకుంటారు. ఇప్పుడు ఏం మారింది, ఇకపై ఎలా నిలదొక్కుకుంటాడు అన్నది కూడా అపీల్‌లో తప్పనిసరిగా ఉండాలి. కోర్సు కష్టంగా ఉందన్న ఒక్క మాట మీద అపీల్ నెగ్గడం కష్టం.

ఇక ఫోన్ సంగతి. ఫీజు కట్టేది మీరే అయినా, కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు అమెరికా చట్టం ప్రకారం అతనిదే. అతను రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఆఫీసువారు మీతో వివరాలు మాట్లాడకపోవచ్చు. కాబట్టి అతన్నే పంపించండి. తమ దగ్గర హద్దు 67 శాతమా, 66.67 శాతమా అని అడగమనండి. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు చదివితే ఆ క్రెడిట్లు బదిలీ అవుతాయో లేదో కూడా తేల్చుకోమనండి. అంగీకరించిన బదిలీ క్రెడిట్లు నమోదులోనూ, పూర్తయినవాటిలోనూ చేరతాయి కనుక శాతం పెరుగుతుంది, అయితే ఫీజు కట్టకముందే ఆ అంగీకారం రాతలో తీసుకోవాలి.